ఫార్మాట్ కొట్టే ముందు: నిదానించిన ఇంటి కంప్యూటర్‌ను ఎక్కడ, ఎలా చూడాలి

"అన్నా, మా కంప్యూటర్ శానా స్లో అయిపోయింది. ఒకసారి వచ్చి ఫార్మాట్ కొట్టిపోతావా?"

పదహారేళ్లుగా అనంతపురంలో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. జబ్బేమిటో తెలియకముందే ఆపరేషన్ చేయమని అడగడం లాంటిది ఇది. ఫార్మాట్ కొడితే, అంటే డిస్కు చెరిపేసి విండోస్ మళ్లీ వేస్తే, నాలుగు రోజులు బాగానే ఉంటుంది. అసలు కారణం డిస్కులోనో, దుమ్ములోనో ఉంటే ఐదో రోజు మళ్లీ మొదటికే వస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో పాతూరులో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి అమ్మాయి ఈఏపీసెట్‌కు చదువుతోంది. స్విచ్ వేశాక డెస్క్‌టాప్ కనిపించడానికే పదకొండు నిమిషాలు పట్టింది, వాచీ పెట్టుకుని చూశాను. "సామీ, ఏడేండ్ల మిషను. ఇంగ పనికిరాదంటాండారు. కొత్తదానికి నలభై రెండు వేలు చెప్పినారు" అన్నాడు వాళ్ల నాన్న. ఆయనది చిన్న చిల్లరకొట్టు. ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలా అని ఆయన పడుతున్న టెన్షన్ ముఖంలోనే తెలిసిపోతోంది. కూర్చుని వరుసగా చూస్తే ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ సరిపోతోంది, హార్డ్ డిస్క్ ఒక్కటే పనిని లాగలేకపోతోంది. విండోస్‌కు దాని బదులు ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్కు) వేసి, లోపలి దుమ్ము దులిపాను. ఖర్చంతా కలిపి మూడు వేలు దాటలేదు. ఇప్పుడది అర నిమిషంలోపు తెరుచుకుంటోంది.

ఈ పనిలో చాలా భాగం మీరే ఇంట్లో చేసుకోవచ్చు. చేతులతో చేయలేకపోయినా కారణం ఏమిటో మాత్రం మీరే కనుక్కోవచ్చు. కారణం తెలుసుకుని మాలాంటివాళ్ల దగ్గరికి వస్తే అనవసరమైన ఖర్చు మీ మీద పడదు. నేను ఏ ఇంట్లోనైనా ఏ వరుసలో చూస్తానో అదే వరుసలో ఇక్కడ చెబుతున్నాను. చెప్పేదంతా విండోస్ 10, 11 ఉన్న మిషన్ల గురించి.

ఎప్పుడు స్లో అవుతోంది?

మిషన్‌ను ముట్టుకోకముందే నేను అడిగే ప్రశ్న ఇది. "ఎప్పుడూ స్లోనే" అని అందరూ అంటారు. కాసేపు ఓపిగ్గా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ఒక నోటు పుస్తకంలో రెండు రోజులు రాసి చూడండి.

స్విచ్ వేసిన మొదటి పది నిమిషాలు నరకంగా ఉండి, తర్వాత కాస్త సర్దుకుంటుంటే అది హార్డ్ డిస్కు పని, లేదా స్టార్టప్‌లో చేరిన ప్రోగ్రాముల పని. మొదట బాగానే ఉండి, ఐదారు ట్యాబులు తెరవగానే బిగుసుకుపోతుంటే ర్యామ్ చాలడం లేదు. పొద్దున బాగుండి మధ్యాహ్నం మొరాయిస్తుంటే, లేదా అరగంట వాడాక ఫ్యాను మోత పెరిగి నెమ్మదిస్తుంటే వేడి. వర్డు, ఎక్సెల్ చకచకా నడిచి వెబ్‌సైట్లు మాత్రమే తెరుచుకోకపోతుంటే కంప్యూటర్‌ది తప్పేమీ లేదు, నెట్ చూసుకోవాలి. ఈ నాలుగూ విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకో చిన్న పని. షట్‌డౌన్ కాకుండా ఒకసారి రీస్టార్ట్ చేయండి. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. తన లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని, మళ్లీ స్విచ్ వేసినప్పుడు దాన్నే తెచ్చుకుంటుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. రోజూ రాత్రి ఆపేస్తున్న మిషన్‌లో కూడా అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన కాలం) ఇరవై మూడు రోజులు చూపించడం నేను చూశాను. ఒక్క రీస్టార్ట్‌తో కుదుటపడిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట నేను డబ్బు తీసుకోను.

టాస్క్ మేనేజర్ చదవడం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 10లో చిన్న పెట్టెలా కనిపిస్తే కింద ఉన్న 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అని నిలువు వరుసలు కనిపిస్తాయి. స్విచ్ వేసి పది నిమిషాలయ్యాక, మీరు ఏ పనీ చేయకుండా వదిలేసినప్పుడు ఈ మూడింటిలో ఏది పైకి పోయి కూర్చుందో చూడండి.

వంటింటితో పోల్చి చెబితే ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ప్రాసెసర్ వంట చేసే మనిషి. ర్యామ్ పొయ్యి పక్కన ఉన్న బండ. డిస్కు సామాన్ల గది. బండ మీద చోటు చాలకపోతే ప్రతి డబ్బాకూ సామాన్ల గదికి నడవాలి. ఆ గది తలుపు బిగుసుకుపోతే వంట మనిషి ఎంత చురుకైనా పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఏ పనీ లేనప్పుడు కూడా డిస్క్ వరుస రంగు ముదిరి నూటికి నూరు శాతం దగ్గరే ఉంటే దోషి దొరికినట్టే. మెమరీ ఎనభై, తొంభై శాతం దగ్గర ఉంటే ర్యామ్. సీపీయూ పైన ఉంటే ఆ వరుస పేరు మీద నొక్కండి, ఎక్కువ తినే ప్రోగ్రామ్ పైకి వస్తుంది. అది విండోస్ అప్‌డేట్ అయితే తొందరపడకండి. నెల రోజులు మూతపెట్టి ఉంచిన ల్యాప్‌టాప్‌ను పరీక్షలప్పుడు తెరిస్తే, అన్ని అప్‌డేట్లూ ఒకేసారి మీద పడతాయి. ఒక రాత్రి చార్జర్ పెట్టి, నెట్ ఇచ్చి, నిద్రపోకుండా సెట్టింగ్ పెట్టి వదిలేయండి. తెల్లారేసరికి చాలావరకు సర్దుకుంటుంది.

అక్కడే 'స్టార్టప్ యాప్స్' (విండోస్ 10లో 'స్టార్టప్') అనే పేజీ ఉంటుంది. స్విచ్ వేయగానే వాటంతట అవే లేచే ప్రోగ్రాములు అక్కడ కనిపిస్తాయి. మీటింగు యాప్‌లు, ఆటల లాంచర్లు, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, ఇలాంటివాటి మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేయండి. దీనివల్ల ప్రోగ్రామ్ పోదు, మీరు పిలిచినప్పుడు మాత్రమే వస్తుంది. సౌండు, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్, యాంటీవైరస్ పేర్లున్నవి ముట్టుకోవద్దు. యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు. 'పీసీ బూస్టర్', 'రిజిస్ట్రీ క్లీనర్' లాంటి పేర్లతో ఉన్నవి ఏవి కనిపించినా అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. వాటివల్ల వేగం పెరిగిన మిషన్ నా అనుభవంలో ఒక్కటీ లేదు.

డిస్కు

టాస్క్ మేనేజర్‌లో 'పెర్‌ఫార్మెన్స్' పేజీకి వెళ్లి డిస్కు మీద నొక్కితే అది హెచ్‌డీడీనా, ఎస్‌ఎస్‌డీనా అని అక్కడే రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉండి, అందులోనే విండోస్ ఉంటే, మీ ఇబ్బందికి కారణం అదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

హార్డ్ డిస్కులో అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నని చేయి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్క దగ్గరికి చేరడానికి సుమారు పది మిల్లీ సెకన్లు పడుతుంది. మనకది రెప్పపాటు కంటే తక్కువే. కానీ విండోస్ లేవాలంటే ఇలాంటి ముక్కలు వేలకు వేలు చదవాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే పని దానికి మిల్లీ సెకనులో పదో వంతు. అందుకే పాత మిషన్‌కు ఏదో ఒకటే మార్చడానికి డబ్బుంటే, నేను మరో ఆలోచన లేకుండా ఎస్‌ఎస్‌డీ వేయించమంటాను.

అయితే దానికంటే ముందు ఒక పని ఉంది. ఇది ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు.

పని నేర్చుకుంటున్న మొదటి సంవత్సరం నేను ఒక షాపులో ఉండేవాణ్ని. రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన కంప్యూటర్ స్లో అయిందని తెచ్చారు. ఆయన కళ్యాణదుర్గం వైపు పల్లెలు తిరిగి చెక్కభజన పాటలు రికార్డు చేసి డీ డ్రైవ్‌లో దాచుకున్నారు. ఆ సంగతి మేమెవరమూ అడగలేదు. "పార్టిషన్లన్నీ తీసేయ్, క్లీన్‌గా ఉంటుంది" అన్నారు షాపాయన. డీ డ్రైవ్‌తో సహా నేను తీసేశాను. సాయంత్రం అయ్యవారు వచ్చి, తెరిచి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మూడు రాత్రులు కూర్చున్నాను. సగం సగం ముక్కలే దొరికాయి. ఆ పాటలు పాడిన వాళ్లలో కొందరు అప్పటికే లేరు.

అందుకని, డిస్కు జోలికి పోయేముందు మీ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ట్యాలీ డేటా, పొలం కాగితాల స్కాన్లు, అన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. సీ, డీ అని రెండు పేర్లున్నా చాలా ఇళ్లలో లోపల ఉండేది ఒకే డిస్కు. అది పోతే రెండూ పోతాయి. కాపీ చేశాక ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ఒక పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ అయినట్టు లెక్క.

డిస్కు ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కలను అది చదివి చూపిస్తుంది. నీలం రంగులో 'గుడ్' అని వస్తే సరే. పసుపు రంగులో 'కాషన్' వచ్చిందంటే డిస్కులో కొన్ని గదులు చెడిపోవడం మొదలైంది. ఎరుపు వస్తే ఆ రోజే కాపీ చేసుకోవాలి. లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే స్కాన్లు, రిపేర్లు ఏవీ పెట్టవద్దు. పోతున్న డిస్కును మళ్లీ మళ్లీ చదివించడం అంటే దాని ఆయువు తగ్గించడమే. ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీయండి, మిగతావి తర్వాత.

డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ బిగించడం పెద్ద విద్య కాదు. మదర్‌బోర్డు (లోపలి పెద్ద బోర్డు) మీద డిస్కు తగిలించే ఖాళీ శాటా పోర్టు ఉంటుంది, పవర్ సప్లై నుంచి మిగిలిన వైరు ఒకటి వేలాడుతుంటుంది. ఒక డేటా కేబుల్ కొంటే చాలు. 256 జీబీది విండోస్‌కు పెట్టి, పాత హార్డ్ డిస్కు బాగుంటే దాన్ని ఫొటోలకు, వీడియోలకు ఉంచుకోండి. ల్యాప్‌టాప్ అయితే పాత డిస్కు తీసి ఆ చోటే ఇది పెట్టాలి. పాతదాన్ని చిన్న యూఎస్‌బీ కేసులో వేస్తే బయటి డిస్కుగా పనికొస్తుంది. ఎం.2 రకం (బోర్డు మీదే నేరుగా గుచ్చే సన్నని ఎస్‌ఎస్‌డీ) కొనేముందు మీ బోర్డుకు ఆ స్లాటు ఉందా, ఉంటే ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకాన్ని తీసుకుంటుందా, శాటా రకాన్నేనా అని మోడల్ నంబరు పెట్టి చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేశాక, ఫైళ్ల ముక్కలను ఒకచోట పేర్చే డీఫ్రాగ్ ప్రోగ్రాములు నడపవద్దు. దానికి కావాల్సింది విండోస్ చూసుకుంటుంది.

సీ డ్రైవ్ గీత ఎర్రబడి ఉంటే ముందు చోటు చేయండి. అందులో ఐదో వంతైనా ఖాళీ ఉండాలని నేను పెట్టుకున్న లెక్క. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో చూపిస్తుంది. చాలా ఇళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డరు, నాలుగేళ్ల కిందటి పెళ్లి వీడియో, ఖాళీ చేయని రీసైకిల్ బిన్, ఇవే ఉంటాయి. విండోస్ అని పేరున్న ఫోల్డరులోకి వెళ్లి మీ చేత్తో ఏమీ తీసేయవద్దు.

ర్యామ్ గురించి కొంచెం

విండోస్ 11 కనీసం 4 జీబీ అడుగుతుంది. కానీ 4 జీబీతో ఒక పక్క ఆన్‌లైన్ క్లాసు, ఇంకో పక్క నాలుగు ట్యాబులు నడవవు. 8 జీబీ ఉంటే ఇంటి పనులకు నిశ్చింతగా ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద రెండు స్లాట్లలో ఒకటే నిండిందో, రెండూ నిండాయో రాసి ఉంటుంది. డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఇంకొకటి పట్టవు, గాడి వేరే చోట ఉంటుంది. షాపుకు పాత ర్యామ్ తీసుకెళ్లి చూపించి కొనండి. కొత్తది కొనేముందు బ్రౌజర్‌లో అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లు (దానికి తగిలించిన చిన్న ప్రోగ్రాములు) తీసి చూడండి, చాలాసార్లు దానితోనే ఊపిరి ఆడుతుంది.

దుమ్ము, వేడి

మన అనంతపురం వైపు దీన్ని విడిగా చెప్పుకోవాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అది తగ్గగానే ఆషాఢం గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటే ఇక్కడ గాలి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. వాన తక్కువ, మట్టి ఎండి పొడిగా ఉంటుంది. కిటికీ మూసినా ఆ పొడి ఇంట్లోకి వస్తుంది. కంప్యూటర్‌లోని ఫ్యాను రోజంతా ఆ గాలినే లోపలికి పీల్చుకుంటుంది. వరండాలో శెనక్కాయ మూటలు వేసిన ఇళ్లలోనైతే పొట్టు కూడా తోడవుతుంది.

ప్రాసెసర్ మీద సన్నని రేకులతో హీట్‌సింక్ ఉంటుంది, దాని మీద ఫ్యాను. దుమ్ము రేకుల మధ్య పేరుకుంటే ఫ్యాను తిరుగుతున్నా గాలి కిందికి దిగదు. ప్రాసెసర్ తొంభై ఐదు, వంద డిగ్రీల దగ్గరికి చేరితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మనకది స్లో అయినట్టు కనిపిస్తుంది. ఇంకా పెరిగితే ఉన్నట్టుండి ఆగిపోతుంది. హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిగ్రీలు చూడొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు నలభై నుంచి యాభై ఐదు, పని చేస్తున్నప్పుడు ఎనభై ఐదు లోపు ఉంటే నేను దిగులుపడను.

ధర్మవరంలో ఒక నేతన్న ఇంట్లో ఇది బాగా తెలిసొచ్చింది. వాళ్లబ్బాయి పట్టుచీరల అంచులకు జకార్డ్ డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తాడు. పొద్దున చకచకా నడిచే మిషన్ పన్నెండు దాటితే ఒక్కో గడి నింపడానికి ఆలోచిస్తోందని పిలిచాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మార్చి వేశారట, ఫార్మాట్ కూడా అయిందట. మూత తీస్తే మగ్గం గదిలోని నూగు అంతా హీట్‌సింక్ మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. కింద రేకులే కనిపించలేదు. పట్టకారుతో ఆ పొరను లేపితే ముక్కగా ఊడి వచ్చింది. తొంభై ఆరు డిగ్రీలు ఉన్నది అరవై ఎనిమిదికి దిగింది. ఒక్క రూపాయి భాగం కూడా మార్చలేదు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. మిషన్ ఆపి, గోడ నుంచి వైరు పూర్తిగా పీకేయండి. తర్వాత పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూ అని మనం పిలిచే పెట్టెను వరండాలోకి తీసుకెళ్లి పక్క మూత తీయండి. లోపల చేయి పెట్టేముందు మెటల్ చట్రాన్ని ఒకసారి ముట్టుకోండి. పెయింటు బ్రష్ మెత్తనిది కొత్తది తీసుకుని రేకుల మధ్య, ఫ్యాను రెక్కల మీద, పవర్ సప్లై జాలీ మీద దులపండి. బ్లోయర్ ఉంటే వాడండి, కానీ అప్పుడు ఫ్యానును వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే పాడవుతుంది. తడిగుడ్డ వద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టవద్దు, స్టాటిక్ కరెంటుతో బోర్డు దెబ్బతినవచ్చు.

దులిపాక కూడా డిగ్రీలు దిగకపోతే, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు ఎండిపోయి ఉంటుంది. నాలుగైదేళ్లు దాటిన మిషన్లలో ఇది మామూలే. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు చిన్న శెనగ గింజంత మధ్యలో పెట్టి హీట్‌సింక్‌ను సమంగా నొక్కాలి. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ ఫ్యానుకు నాలుగు మూలలా ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. ఎదురెదురు మూలలు జంటగా నొక్కండి, నాలుగూ టక్కుమని దిగాయో లేదో బోర్డు వెనక చూడండి. ఒక్క కాలు లేచి ఉన్నా ముందుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ ఉన్న మిషన్ అయితే ముందు పది నిమిషాలు నడిపి వేడెక్కాక ఆపి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ కాస్త తిప్పుతూ తీయండి. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా లాగితే చాలా మోడళ్లలో ప్రాసెసర్ కూడా దానికే అతుక్కుని వచ్చి పిన్నులు వంగిపోతాయి. ల్యాప్‌టాప్ మాత్రం అలవాటు లేనివాళ్లు విప్పకపోవడమే మంచిది.

పెట్టే చోటు కూడా చూసుకోండి. సీపీయూ మీద పూల గుడ్డ కప్పుతారు, అది ఆపి ఉన్నప్పుడు కప్పండి, నడుస్తున్నప్పుడు తీసేయండి. వెనక గోడకు జానెడు ఎడం ఉండాలి. దేవుని గూటి పక్కన పెడితే అగరొత్తుల పొగ జిడ్డుగా మారి దుమ్మును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకునే పిల్లలకు ఒక చెక్కపలక ఇవ్వండి.

కరెంటు, నెట్

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో డిస్కులు త్వరగా చెడతాయి. రాస్తూ రాస్తూ ఉండగా ఆగిపోతే ఫైళ్లు దెబ్బతింటాయి, వాటిని సరిచేసుకోవడానికి విండోస్ ప్రతిసారీ తంటాలు పడుతుంది. చిన్న యూపీఎస్ పెట్టుకోండి, దాని బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చండి. ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇంకోటి గమనించాను. కొన్ని కంపెనీలవి తమది కాని చార్జర్ పెడితే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. చార్జర్ మార్చినప్పటినుంచే స్లో అయిందా అని గుర్తుచేసుకోండి.

నెట్ అనుమానం తీర్చుకోవడం తేలిక. అదే వైఫైలో ఫోన్ పెట్టి అదే వెబ్‌సైట్ తెరవండి. ఫోన్‌లోనూ నిదానమైతే రౌటర్ వైపు చూడాలి. మన పాత ఇళ్లలో గోడలు రాతికట్టు, రెండడుగుల మందం ఉంటాయి. రౌటర్ ఇచ్చే రెండు సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగమైనదే కానీ ఆ గోడ దాటలేదు. గోడ అవతలి గదిలో ఉంటే 2.4 పెట్టుకోండి, వీలైతే కేబుల్ లాగండి. పాత డెస్క్‌టాప్‌లో వెబ్‌సైట్లు అసలు తెరుచుకోకుండా హెచ్చరికలు వస్తుంటే కింద మూలన తేదీ చూడండి. ఏ పదేళ్ల కిందటి తేదీయో ఉంటే, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. దాన్ని మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

స్లో మిషన్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకునే మోసం ఒకటుంది. బ్రౌజర్‌లో పెద్ద చప్పుడుతో "మీ కంప్యూటర్‌లో వైరస్, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తుంది. విండోస్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ టాస్క్ కొట్టి బయటికి రండి. ఫోన్‌లో ఎవరో చెప్పారని, దూరం నుంచి మీ మిషన్‌ను నడిపించే రిమోట్ యాప్ వేసుకోవద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇవన్నీ అయ్యాక

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంట్లో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతకు సంబంధించినవి 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పాతూరు ఇంట్లోది ఎనిమిదో తరందే కాబట్టి బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగుల్లో) టీపీఎం ఆన్ చేసి 11కు మార్చాను. అంతకంటే పాతవాటికి దొడ్డిదారిన 11 వేసేవాళ్లున్నారు, నేను వేయను. ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. బ్రౌజింగు, ఉత్తరాలు, వీడియోలు చూడటం వరకే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తాను. ఉచితం, తెలుగు చక్కగా కనిపిస్తుంది, పాత మిషన్ మీద తేలిగ్గా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు. ట్యాలీ, డీటీపీ పని ఉన్నవాళ్లకు మాత్రం అది కుదరదు.

ఫార్మాట్ చివరి మాట. డిస్కు బాగుంది, వేడి లేదు, ర్యామ్ చాలు, అయినా విండోస్ తడబడుతోందంటే అప్పుడు చేయండి. చేసేముందు ప్రింటర్ మోడల్, బ్రౌజర్ పాస్‌వర్డులు, ఆఫీస్ అకౌంటు వివరాలు రాసి పెట్టుకోండి. అను ఫాంట్లతో పాత ఫైళ్లు ఉంటే ఆ ఫాంట్లు కూడా కాపీ చేయండి, లేకపోతే తెలుగంతా గజిబిజి అక్షరాలుగా కనిపిస్తుంది. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చాక రెండు రోజులు వాడి చూడండి. అన్నీ ఒకే పూట మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

నేను తెరిచిన ప్రతి సీపీయూ మూత లోపలి వైపు మార్కర్‌తో తేదీ, చేసిన పని రాసి పెడతాను. తర్వాత నేను వచ్చినా, ఇంకెవరు వచ్చినా చదువుకుంటారు. పాతూరు ఇంట్లో మూత బిగించేముందు ఆ అమ్మాయే మార్కర్ అడిగి తీసుకుంది. "ఎస్‌ఎస్‌డీ వేశాం, దుమ్ము తీశాం, పేస్టు మార్చాం" అని రాసి, కింద ఇంకో వరుస రాసింది: "మళ్లీ ఆషాఢం గాలి అయిపోయినాక."